కడుపు క్యాన్సర్ పాకిందా? మార్కర్ల గురించి అపోహలు - వాస్తవాలు

నేను పాథాలజిస్టుని. కడుపు క్యాన్సర్ నమూనాలు నా టేబుల్ మీదికి వచ్చినప్పుడల్లా, వెనకాలే ఇంటివాళ్ల ప్రశ్న ఒకటి వస్తుంది: "పాకిందా డాక్టర్ గారూ?" మార్కర్లు, అంటే క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరగగల పదార్థాలు, చూసే రక్తపరీక్ష ఒక్కటి చేయిస్తే జవాబు తెలిసిపోతుందని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం వల్ల కొందరు అనవసరంగా బెంబేలెత్తిపోతారు, ఇంకొందరు విలువైన సమయం పోగొట్టుకుంటారు.

అపోహ: సీఈఏ, సీఏ 19-9 అనే మార్కర్లు నార్మల్‌గా ఉన్నాయి, కాబట్టి ఎక్కడికీ పాకలేదు.

వాస్తవం: ఈ రెండూ పెరగకుండానే పాకిన కేసులు మేం చాలా చూస్తుంటాం. లూయిస్ అనే రక్తవర్గపు యాంటిజెన్ లేనివాళ్లు నూటికి 5 నుంచి 10 మంది ఉంటారు. వాళ్ల శరీరం సీఏ 19-9ని తయారుచేయలేదు. లోపల గడ్డ ఎంత పెరిగినా ఆ అంకె కదలదు.

అపోహ: అంకె పెరిగిందంటే పాకినట్టే.

వాస్తవం: పొగతాగేవాళ్లలో సీఈఏ పెరగొచ్చు, పిత్తనాళం మూసుకుపోతే సీఏ 19-9 పెరగొచ్చు. ఒక్క రిపోర్టు చూసి టెన్షన్ పడకండి. ఆపరేషన్ తర్వాత తగ్గిన అంకె మళ్లీ వరసగా పెరుగుతూ పోతే మాత్రం వెంటనే డాక్టరుకి చూపించండి.

అపోహ: స్కాన్ శుభ్రంగా ఉంది, ఇంకా పొట్టలోకి కెమెరా ఎందుకు?

వాస్తవం: ఈ జబ్బు కడుపు గోడను తొలుచుకుని బయటికొచ్చాక, పొట్ట కుహరం లోపలి పొర (పెరిటోనియం) మీద కణాలు కణాలుగా రాలుతుంది. కణాలు ఒకచోట గడ్డకట్టకుండా విడివిడిగా పాకే డిఫ్యూజ్ రకంలో ఇది మరీ ఎక్కువ. అంత చిన్నవి స్కాన్‌కి అందవు. అందుకే గోడలోకి లోతుగా దిగిన కేసుల్లో ల్యాప్రోస్కోపీ చేసి, అంటే చిన్న గాటు పెట్టి పొట్టలోకి కెమెరా పంపి, సెలైన్ పోసి కడిగి, ఆ నీళ్లు మాకు పంపుతారు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున చిటికెడు మడ్డి దిగుతుంది. దాన్ని స్లైడు మీద పరిచి, రంగు వేసి చూస్తాం. పొర నుంచి మామూలుగా ఊడివచ్చే మీసోథీలియల్ కణాలు ఒక్కోసారి ఉబ్బిపోయి అచ్చం క్యాన్సర్ కణాల్లాగే ఉంటాయి. వాటి నడుమ, కేంద్రకం ఓ పక్కకి ఒరిగి, రాయి పొదిగిన ఉంగరంలా ఉండే క్యాన్సర్ కణం దాక్కుని ఉంటుంది. అనుమానం తీరేదాకా స్లైడు పక్కన పెట్టబుద్ధి కాదు. క్యాన్సర్ కణమేనని ఖాయమైతే, స్కాన్ ఏమన్నా సరే, అది నాలుగో దశ. అప్పుడు సాధారణంగా కత్తి కన్నా ముందు మందులే మొదలవుతాయి.

కంటికి చిక్కని కణాల కోసం అదే నీళ్లలో సీఈఏ జన్యువు తాలూకు ఎంఆర్ఎన్ఏని (ఆ జన్యువు పనిచేస్తోందని చెప్పే నకలుని) ఆర్‌టీ-పీసీఆర్ అనే పరీక్షతో వెతకొచ్చు. స్లైడు నెగెటివ్ వచ్చిన కొందరిలో ఇది పాజిటివ్ వస్తుంది, వాళ్లలో జబ్బు పొట్టలో తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. రక్తంలో మనల్ని ఇంత తికమకపెట్టే సీఈఏ ఇక్కడ ఇంతగా ఉపయోగపడుతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అయితే క్యాన్సర్ కాని కణాల్లోనూ ఆ ఎంఆర్ఎన్ఏ కొద్దిగా ఉండొచ్చు కాబట్టి, దశను ఇంకా స్లైడు చూసే చెప్తాం.

అపోహ: హెర్2 పాజిటివ్ అంటే పాకిందని అర్థం.

వాస్తవం: కాదు. హెర్2 అనేది కొన్ని క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే ప్రొటీన్; ట్రాస్టుజుమాబ్ లాంటి మందు పనిచేసే అవకాశం ఉందా అని తెలుసుకోవడానికి చేసే పరీక్ష అది.

అపోహ: లిక్విడ్ బయాప్సీ నెగెటివ్ వచ్చింది, గండం గడిచినట్టే.

వాస్తవం: లిక్విడ్ బయాప్సీ అంటే గడ్డ నుంచి రాలిన డీఎన్ఏ ముక్కల్ని రక్తంలో వెతికే పరీక్ష. ఆ ముక్కలు రక్తంలో రెండు మూడు గంటలు తిరక్కుండానే సగానికి తగ్గిపోతాయి. అందుకే ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు కూడా అవి కనిపిస్తే, కణాలు ఎక్కడో మిగిలాయని గట్టిగా అనుమానిస్తాం. స్కాన్‌లో బయటపడటానికి నెలల ముందే ఇలా దొరికినవాళ్లున్నారు. నెగెటివ్‌ని మాత్రం అంతగా నమ్మలేం. పొట్ట పొర మీద ఉన్న జబ్బు రక్తంలోకి చాలా తక్కువ డీఎన్ఏ వదులుతుంది. పాజిటివ్‌లోనూ ఒక చిక్కుంది: వయసు పైబడిన కొద్దీ తెల్లరక్తకణాల్లో వచ్చే జన్యుమార్పులు ఇదే పరీక్షలో క్యాన్సర్‌లా కనిపించగలవు. రిపోర్టు చేతికొచ్చినప్పుడు, తెల్లరక్తకణాల డీఎన్ఏతో పోల్చి చూశారా అని ల్యాబ్‌వాళ్లని అడగండి.