'నాటకం' అన్న మాట వెనుక

గోదావరి జిల్లాల్లో ఏదో కేసులో పరిశీలన గృహానికి (విచారణ సాగుతుండగా పిల్లలను ఉంచే చోటు) చేరిన కుర్రవాడు తనను తాను గాయపరచుకుంటే, చుట్టూ ఉన్న పెద్దల నోట తరచుగా వచ్చే మాట 'నాటకం'. ఈ అపనమ్మకం నిన్న మొన్నటిది కాదు.

ఈ డెల్టా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1850 నాటి అప్రెంటిస్ చట్టం తప్పుచేసిన పిల్లలను చేతిపనిలో పెట్టమంది. 1876, 1897 రిఫార్మేటరీ (దిద్దుబాటు పాఠశాలల) చట్టాలు క్రమశిక్షణను నమ్ముకున్నాయి. పిల్లల విచారణను పెద్దల కోర్టు నుంచి విడదీసిన ఘనత 1920 మద్రాసు బాలల చట్టానిది. 1986లో కేంద్ర బాల న్యాయ చట్టం వచ్చింది, 2000లో మగపిల్లల వయఃపరిమితి 16 నుంచి 18కి పెరిగింది. ఇన్నేళ్లూ ప్రధానంగా చూసింది వయసు ఎంత, చేసిందేమిటి అనే.

వాడికి ఏం జరిగిందన్న ప్రశ్నకు బలం వైద్యుల నుంచి వచ్చింది. 1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా బృందం వేలమంది పెద్దలను వారి బాల్యం గురించి అడిగింది. దెబ్బలు, లైంగిక హింస, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం, ఇంటివారు జైలుకు వెళ్లడం... ఇలాంటివి నాలుగు రకాలు, అంతకుమించి చూసినవారిలో ఆత్మహత్యాయత్నం, తాగుడు, కుంగుబాటు వంటి ముప్పులు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది.

ఆ జాబితాలో గల్ఫ్ లేదు. కోనసీమ నుంచీ పశ్చిమ గోదావరి నుంచీ ఎందరో తల్లులు ఇంటిపనికి కువైట్ వెళ్తారు. పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాన్న దగ్గరో ఉంటారు. తప్పు తల్లిది అనడం అన్యాయం, ఆమె పంపే డబ్బుతోనే ఇల్లు నడుస్తుంది. కానీ తాగి కొట్టే తండ్రికి అడ్డుపడే మనిషి సముద్రం అవతల ఉంది. అలాంటి పిల్లవాడు గృహంలో గాయం చేసుకుంటే అది చాలాసార్లు చావు కోసం కాదు, భరించలేని బాధ కాసేపైనా తగ్గడం కోసం. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు, తర్వాత ఆత్మహత్య ముప్పును అది పెంచుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది.

బాల న్యాయ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాల ప్రకారం ప్రొబేషన్ అధికారి నింపే సామాజిక విచారణ నివేదికలో బాలుడు ఎదుర్కొన్న హింసకూ గడులున్నాయి. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్పింది. గృహాల్లో కౌన్సెలింగ్ ఉండాలనీ బాల న్యాయ చట్టంలో ఉంది. అయితే, పిల్లల కేసులు విచారించే బాల న్యాయ బోర్డులో పిల్లల మనస్తత్వ శాస్త్రమో మానసిక వైద్యమో చదివినవారు లేకపోతే మనస్తత్వ నిపుణుల సాయం తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది వేరే సందర్భంలో: 16 నిండినవాడిని ఘోర నేరారోపణపై పెద్దవాడిలా విచారించాలా అని తేల్చే మదింపులో.