10,001 ప్రధాన సంఖ్యేనా? అపోహలు - వాస్తవాలు

బ్యాంకు పరీక్షలకు లెక్కలు చెబుతుంటాను. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా బోర్డు మీద 10,001 రాసి ప్రైమా (1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా పోని ప్రధాన సంఖ్యా) కాదా అని అడుగుతాను. ప్రతిసారీ సగానికి పైగా చేతులు ‘ప్రైమే సార్’ అంటూ లేస్తాయి.

అపోహ: 6తో భాగిస్తే శేషం 1 గానీ 5 గానీ వస్తే ప్రైమే.

‘ఐదు సెకన్ల షార్ట్‌కట్’ అని వాట్సాప్‌లో తిరుగుతోంది ఇది. 2, 3 తప్ప ప్రైమ్‌లన్నిటికీ ఆ శేషాలే వస్తాయి, నిజమే. కానీ 25కీ 1 వస్తుంది, 35కీ 5 వస్తుంది. 10,001కీ 5 వస్తుంది. 10,001 అంటే 73 × 137. వేసి చూసుకోండి. ఏమీ తెలియనివాళ్లు ఫార్వర్డ్ చేశారంటే సరే, ఫీజు తీసుకుని పాఠం చెప్పేవాళ్లూ ఇదే చెబితే ఎలా?

అపోహ: చిన్న ప్రైమ్‌లతో పోకపోతే ఇంక చూడక్కర్లేదు.

మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. కిందటేడు మాక్ టెస్ట్ అయ్యాక ఒకమ్మాయి రఫ్ పేపరు పట్టుకుని వచ్చింది, కళ్లలో నీళ్లు. 10,001ని 7తో భాగిస్తే శేషం 5, 11తో 2, 13తో 4. అన్నీ సరిగ్గానే చేసింది. 13 దగ్గర ఆపేసి ప్రైమ్ అని టిక్కు పెట్టింది. ఆమె పక్కబెంచీ అబ్బాయిది ఇంకో రకం టెన్షన్. 10,001లో సగం, అంటే 5,000 దాకా భాగించాలేమోనని ప్రశ్నే వదిలేశాడు.

ఇద్దరికీ ఒకటే చెప్పాను: వర్గమూలం దాకా చూడండి, అక్కడ ఆపండి. 10,001 వర్గమూలం 100కి రవ్వంత ఎక్కువ. రెండు కారణాంకాలూ 100 దాటితే లబ్ధం కనీసం 101 × 101, అంటే 10,201 అవుతుంది. మన సంఖ్య అంత లేదు. కాబట్టి కారణాంకాలుంటే ఒకటి 100 లోపే దొరకాలి. 100 లోపు ప్రైమ్‌లు 25. 2, 3, 5 సంగతి చూడగానే తెలుస్తుంది, మిగిలేవి 22. ఆ అమ్మాయి అక్కడే కూర్చుని 17 నుంచి మళ్లీ మొదలుపెట్టింది. 71తో కూడా పోలేదు. 73 కింద శేషం సున్నా వచ్చింది. ఆపిన చోటు నుంచి పదిహేనో భాగహారం అది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సంఖ్య పెరిగితే కారణాంకాలూ పెరగాలని లేదు: 10,000కి 25 ఉంటే 10,001కి నాలుగే (1, 73, 137, 10,001). అంకెల మొత్తం 3కీ 9కీ పనికొస్తుంది గానీ 7కి పనికిరాదు. 10,003 అంకెల మొత్తం 4, అయినా అది 7 × 1,429.

పొరబడ్డామని కుంగిపోకండి. 1644లో ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ 2⁶⁷ – 1 ప్రైమ్ అన్నాడు. కాదని 1876లో గణితవేత్త లూకాస్ తేల్చాడు గానీ కారణాంకాలు చూపలేకపోయాడు. 1903లో మరో గణితవేత్త కోల్ చూపించాడు: 19,37,07,721 × 7,61,83,82,57,287.

ఈ రాత్రి 10,009 తీసుకోండి. 7 నుంచి 97 దాకా ఇరవై రెండు భాగహారాలు. ఒక్కదానితోనూ పోదు. అప్పుడు రాయండి ప్రైమ్ అని.