గడ్డిమైదానంలో గద్దల ట్రిప్: అపోహలు - వాస్తవాలు

నవంబర్ వచ్చిందంటే నా ఫోన్‌కి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే, "అన్నా, అక్కడేముంటది, ఉత్త గడ్డేగా?" చలికాలమంతా నా పని కర్నూలు, నంద్యాల వైపు గడ్డిబీళ్ళలో జనాన్ని తిప్పి వేటపక్షుల్ని చూపించడం. ఏళ్ళుగా ఇదే చేస్తున్నా కాబట్టి ఏ బ్యాచ్ ఏ అనుమానంతో వస్తుందో నాకు ముందే తెలిసిపోతుంది. అక్కడికొచ్చాక సాయంత్రం పూట మాట్లాడకుండా కూర్చోవాలి, అందుకే చెప్పాల్సినవన్నీ ఇక్కడే రాసేస్తున్నా.

అపోహ: అది బీడు, చూడ్డానికి ఏమీ ఉండదు.

వాస్తవం: మనం వెళ్ళే రోళ్లపాడు కర్నూలు నుంచి 45 కిలోమీటర్ల దూరం, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వస్తుంది. 1988లో అభయారణ్యంగా ప్రకటించారు, మొత్తం కలిపినా 614 హెక్టార్లే. అసలు పెట్టింది బట్టమేక పిట్ట కోసం. ఆ పిట్ట ఇప్పుడు అక్కడ దాదాపు కనపడదు, ఆ మాట రాయాలంటేనే నాకు కష్టంగా ఉంటుంది. అయినా కృష్ణజింకలు ఉన్నాయి, తోడేళ్ళు, గుంటనక్కలు ఉన్నాయి, చలికాలంలో హారియర్లనే వేటగద్దలు వస్తాయి. ఈ హారియర్లు మధ్య ఆసియా నుంచి, కజకిస్తాన్ గడ్డిమైదానాల దగ్గర్నుంచి మూడు నాలుగు వేల కిలోమీటర్లు ఎగురుకుంటూ వచ్చి మన జొన్నచేల పక్కన దిగుతాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లో రావడం మొదలు, మార్చి, ఏప్రిల్‌కి తిరుగు ప్రయాణం. అంటే సంవత్సరంలో దాదాపు సగం రోజులు అవి మన ఊరివే, మనం పిలవకపోయినా.

రెవెన్యూ రికార్డుల్లో గడ్డినేలలకి బంజరు అనో పోరంబోకు అనో ఉంటుంది కాబట్టి జనం కూడా అట్లాగే చూస్తారు, దేశం మొత్తానికి తయారుచేసిన వేస్ట్‌లాండ్ అట్లాస్‌లో కూడా ఇలాంటి నేలలు చాలావరకు పనికిరాని భూమి లెక్కలోకే పోయాయి. అక్కడ మొదలైంది కష్టం అంతా. పనికిరాని భూమి అంటే ఎవరికైనా ఇచ్చేయొచ్చు, ఏదైనా కట్టేయొచ్చు కదా.

అపోహ: ఖాళీగా ఉంది, మొక్కలు నాటితే పక్షులకే మంచిది.

వాస్తవం: ట్రిప్‌కి వచ్చిన వాళ్ళలో మంచి మనసున్న వాళ్ళే ఈ మాట అంటారు, అందుకే ఓపిగ్గా చెప్తాను. హారియర్ చెట్టు మీద పడుకోదండీ, నేల మీద, మోకాలెత్తు గడ్డిలో పడుకుంటుంది, గుంపుగా. నక్కో కుక్కో వస్తుంటే దూరం నుంచే తెలియాలి, లేచి ఎగరడానికి చుట్టూ ఖాళీ ఉండాలి. చెట్లు పెరిగితే నీడకి గడ్డి చస్తుంది, ఇక సర్కారు కంప ఒకసారి పాకిందంటే ఆ నేలలో లార్కు పిట్టలు గూడు పెట్టవు, జింక మేయదు, హారియర్ దిగదు. మొక్క నాటడానికి ఊళ్ళో, రోడ్డు పక్కన, మన ఇంటి ముందు బోలెడు చోటుంది. గడ్డినేలని గడ్డినేలగా ఉండనివ్వాలి, ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా గట్టిగా వాదిస్తాను.

అపోహ: గద్దలన్నీ ఒకటే, కోడిపిల్లల్ని ఎత్తుకుపోయేవి.

వాస్తవం: ఊళ్ళల్లో కోడిపిల్లల మీదకి దిగేది మామూలు నల్లగద్ద, కొన్నిసార్లు చిన్న డేగ. ఆ కోపం పైన కనిపించే ప్రతి రెక్క మీదా చూపిస్తే ఎట్లా? హారియర్లలో ఒక జాతి మాంటేగూస్ హారియర్, రెక్కలు చాపితే మీటరు పైనే ఉంటుంది, చూస్తే భయమేస్తుంది, కానీ బరువు ఎంతో తెలుసా, మగది 270 గ్రాములకి, ఆడది 350కి అటూ ఇటూ. అంత తేలికైన పక్షి కోడినేం ఎత్తుతుంది, ఇక మేకపిల్లని, చంటిపిల్లాణ్ని ఎత్తుకుపోయిందనే కథలు సరేసరి.

ఒకసారి పక్షుల మీద రీసెర్చ్ చేసేవాళ్ళతో పాటు, పర్మిషన్ తీసుకుని, పొద్దున పక్షులన్నీ వెళ్ళిపోయాక అవి పడుకున్న చోటికి వెళ్ళాను. గడ్డి అక్కడక్కడ పళ్ళెమంత వెడల్పున అణిగి ఉంది, పక్కనే తెల్లటి రెట్ట, రెట్ట పక్కన బొటనవేలంత పెల్లెట్లు. పెల్లెట్ అంటే తిన్నదాంట్లో అరగనిది ఉండలా చుట్టి నోట్లోంచి కక్కేసేది. ఒకటి అరచేతిలో పెట్టుకుని విప్పితే పొట్టులాగా రాలిపోయింది, చూస్తే నిండా మిడత కాళ్ళు, ఆ రంపప్పళ్ళలాంటి వెనక కాళ్ళు, గోధుమరంగు దవడ ముక్కలు. ఇంకోదాంట్లో కొంచెం ఎలుక బొచ్చు, చిన్నపిట్ట ఈక ఒకటి. అంతే. మాంటేగూస్ ఎక్కువ బతికేది మిడతల మీద, ఇంకో జాతి పాలిడ్ హారియర్ చిన్నపిట్టల్ని, ఎలుకల్ని కాస్త ఎక్కువ తింటుంది. మన కంది చేల మీద, శనగ చేల మీద పొద్దుట్నుంచి తిరిగేది ఆ మిడతల కోసమే. రైతు మందు కొట్టి చేసే పని ఇది ఊరికే చేసిపెడుతుంది. ఆ మందు ఎక్కువైతే మిడతలు పోతాయి, మిడతలు పోతే ఇదీ రాదు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి, తెలుగులో వీటికి పేర్లే లేవనుకుంటారు చాలామంది. 19వ శతాబ్దంలో నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ అనే ఆయన ఇక్కడి వేటగాళ్ళని అడిగి తెలుగు పేర్లు రాసిపెట్టుకున్నాడు. హారియర్‌ని పిల్లిగద్ద అన్నారట. దాని ముఖం బైనాక్యులర్స్‌లో ఒక్కసారి దగ్గరగా చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో నాకైతే ఇట్టే తట్టింది, గుడ్లగూబకి ఉన్నట్టు ముఖం చుట్టూ గుండ్రంగా ఈకల అంచు ఉంటుంది, గడ్డిలో ఎలుక కదిలిన చప్పుడు చెవికి చేరడానికి ఆ అంచు పనికొస్తుంది. నల్లభుజాల తెల్లగద్ద, గాల్లో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడేది, దాన్ని అడవి రామదాసు అన్నారు. పాముల గద్ద సరేసరి. ఇంత బాగున్న పేర్లు మనకుండగా అన్నిటినీ గద్ద అని ఊరుకోవడం నాకు నచ్చదు.

అపోహ: బూడిద రంగుది ఒక జాతి, గోధుమ రంగుది ఇంకో జాతి.

వాస్తవం: మాంటేగూస్ అయినా పాలిడ్ అయినా ఆ రెండు రంగులూ ఒకే జాతిలో ఉంటాయి, బూడిద రంగుది వయసొచ్చిన మగది, గోధుమరంగులో ఉండి తోక మొదట్లో తెల్ల పట్టీ ఉన్నది ఆడది. సైజులో కూడా ఆడదే పెద్దది, వేటపక్షుల్లో ఎక్కువగా అంతే. మగవాటిలో మాంటేగూస్‌కి రెక్క మీద నల్ల గీత అడ్డంగా ఉంటుంది, పాలిడ్ మరీ తెల్లగా ఉండి రెక్క కొసన మాత్రం నల్లటి మొన ఉంటుంది. ఆడవాటిని, పిల్లల్ని విడదీయడం నాకు ఇప్పటికీ ప్రతిసారీ కుదరదు, తెలియనప్పుడు హారియర్ అని మాత్రమే రాసుకుంటాం, ఊహించి పేరు పెట్టం.

అపోహ: పెద్ద కెమెరా లేకపోతే దండగ.

వాస్తవం: 8x42 బైనాక్యులర్స్ చాలు. లేకపోతే నా దగ్గర ఉన్నవి వంతులేసుకుని చూద్దాం.

అపోహ: దగ్గరికి వెళ్తేనే బాగా కనిపిస్తుంది, గైడ్ ఊరికే ఆపుతాడు.

వాస్తవం: కొన్నేళ్ళ కింద మా బ్యాచ్‌లో ఒకతను సాయంత్రం ఫోటో కోసం గట్టు దిగి గడ్డిలోకి నడిచాడు. నేను ఇటు వైపు వాళ్ళకి ఏదో చూపిస్తూ చూసుకోలేదు, తప్పు నాదే. అప్పటికే దిగి పడుకున్నవి ఒకటి, రెండు, పది, అన్నీ లేచిపోయాయి. చీకటి పడేదాకా పైన తిరుగుతూనే ఉన్నాయి, కొన్ని ఆ రాత్రి తిరిగి దిగాయో లేదో కూడా నాకు తెలియలేదు. రోజంతా ఎగిరి తిన్న నాలుగు మిడతల బలం అట్లా తిరగడానికే అయిపోతే పాపం పొద్దున దేంతో వేటాడుతుంది? అప్పట్నుంచి నా దగ్గర కొన్ని రూల్స్ ఉన్నాయి, ఇష్టమైతేనే రండి. పడుకునే చోటికి 200 మీటర్ల లోపలికి ఎవరూ వెళ్ళకూడదు. డ్రోన్ అసలు తేవద్దు, ఫోన్‌లో పక్షి కూతలు పెట్టొద్దు, బండి దారి దిగదు, ఎందుకంటే ఆ గడ్డిలో నేల మీద ఏముందో పైనుంచి మనకి కనపడదు.

అపోహ: ఎప్పుడెళ్ళినా ఒకటే, మధ్యాహ్నం వచ్చి చూసి వెళ్ళిపోవచ్చు.

వాస్తవం: మధ్యాహ్నం ఎండకి నేల వేడెక్కి వేడిగాలి పైకి లేస్తుంది, దాని మీద ఈగిల్స్ రెక్క కదపకుండా చుట్లు తిరుగుతాయి, పాముల గద్దని చూడాలంటే ఆ టైమే మంచిది. హారియర్ల కోసమైతే పొద్దున, సాయంత్రం. సాయంత్రం నాలుగున్నరకల్లా గట్టు మీద కూర్చోవాలి. ఐదు దాకా ఏమీ రాదు, కొత్తవాళ్ళు ఫోన్ తీస్తారు, నేనేమీ అనను. తర్వాత దున్నిన నేల మీద మట్టిగడ్డ అనుకున్నది తల తిప్పుతుంది, చూస్తే దాని పక్కన ఇంకోటి, అటు ఇంకో మూడు. పడుకునే ముందు అవి అట్లా ఖాళీ నేల మీద కాసేపు కూర్చుంటాయి. పొద్దు గుంకుతుండగా నాలుగు వైపుల నుంచీ నేలకి రెండు మీటర్ల ఎత్తులో, రెక్కలు పైకి వంచుకుని, చప్పుడు లేకుండా వస్తాయి, గడ్డి మీద రెండు మూడు చుట్లు కొట్టి కాళ్ళు కిందికి వేలాడేసి టక్కున మాయమవుతాయి. ఒక్కోసారి అదే గడ్డిలోంచి పొట్టిచెవుల గుడ్లగూబ లేస్తుంది, వీళ్ళు పడుకునే వేళకి దాని డ్యూటీ మొదలు.

అపోహ: వందల్లో కనిపిస్తాయని విన్నాం.

వాస్తవం: రోళ్లపాడులో 1980ల్లో నిజంగానే వందల్లో పడుకునేవి, అప్పట్లో దేశంలో పెద్ద రూస్టుల్లో, అంటే పక్షులు గుంపుగా పడుకునే చోట్లలో, ఒకటి ఇది. తర్వాత చుట్టూ సాగునీళ్ళొచ్చాయి, పంటలు మారాయి, మందులు పెరిగాయి, బీళ్ళు తగ్గాయి, ఇప్పుడు ఆ లెక్క లేదు. ఒక సాయంత్రం పాతిక దిగితే మాకు ఆ రోజు పండగ. ఎక్కువ సంఖ్యలో చూడాలనుంటే గుజరాత్‌లో భావనగర్ దగ్గర వేలావదర్ వెళ్ళండి, నేనే దారి చెప్తాను. హైదరాబాద్ వాళ్ళకి ఒక్క పూటే టైముంటే వికారాబాద్ జిల్లా ఎన్కతల గడ్డినేలలు దగ్గర. రోళ్లపాడుకి వచ్చేవాళ్ళు మాత్రం ఒక రాత్రి ఉండేట్టు రండి, సాయంత్రం దిగడం చూసినవాళ్ళు పొద్దున లేవడం కూడా చూడాలి, ఆరింటికి ముందే గట్టు మీద ఉండాలి, చలేస్తుంది, స్వెట్టర్ తెచ్చుకోండి, తెల్లచొక్కా మాత్రం వద్దు, మట్టి రంగుది ఏదైనా పర్లేదు.