ఎర్ర డబ్బా ఉల్లిపాయల పాలెలా అయింది

మా పిన్ని వాళ్ళ వంటింట్లో గ్యాస్ బండ పక్కన ఒక ఎర్ర డబ్బా ఉంటుంది, దాన్నిండా ఉల్లిపాయలు. 2021 అక్టోబర్ 2న క్లాప్ అని, అంటే క్లీన్ ఆంధ్రప్రదేశ్, మొదలైనప్పుడు పట్టణాల్లో ఇంటికి మూడేసి డబ్బాలు పంచారు గుర్తుందా, ఆకుపచ్చది తడి చెత్తకి, నీలంది పొడి చెత్తకి, ఎర్రది ప్రమాదకరమైన చెత్తకి, ఆ మూడోదే ఇది. ఇదేంటి పిన్నీ అంటే "అందులో వెయ్యడానికి రోజూ ఏముంటాయిరా, నెలకో గడియారం సెల్లు, రెండు మాత్రల అట్టలు, పోనీ విడిగా పెట్టినా బండి అబ్బాయి అన్నీ కలిపేగా కుమ్మరిస్తాడు" అంది. నాకు తిరిగి చెప్పడానికి మాట దొరకలేదు.

ఆ డబ్బా సంగతి తెలియాలంటే భోపాల్ దాకా వెనక్కి పోవాలి. 1984 డిసెంబర్లో గ్యాస్ లీకయ్యాక 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది, దాని కింద 1989లో ప్రమాదకర వ్యర్థాల రూల్స్. అప్పట్లో ప్రమాదం అంటే అందరికీ కళ్ళముందు కనిపించింది ఫ్యాక్టరీయే, అందుకే రూల్స్ కూడా ఫ్యాక్టరీ కోసమే రాసుకున్నారు. 1998లో ఆసుపత్రి చెత్తకి వేరే రూల్స్ వచ్చాయి. మరి ఇంట్లోనే ఇన్సులిన్ పొడుచుకునే తాతగారి సూది ఎవరి లెక్కలోకి వస్తుంది? ఫ్యాక్టరీది కాదు, ఆసుపత్రిదీ కాదు, కాబట్టి అరటి తొక్కల్లో కలిసిపోయేది, ఎత్తేవాళ్ళ చేతికి గుచ్చుకునేది.

మామూలు చెత్త దారి వేరు. 1994లో సూరత్‌లో ప్లేగు భయం, 1996లో అల్మిత్రా పటేల్ అనే పర్యావరణ కార్యకర్త చెత్త నిర్వహణ గురించి సుప్రీంకోర్టులో వేసిన పిల్, కోర్టు వేసిన కమిటీ, చివరికి 2000లో మున్సిపల్ చెత్త రూల్స్. మంచి పనే, కానీ ఇంట్లో పుట్టే విషానికి అందులో విడిగా ఒక పేరంటూ పెట్టలేదు.

2001లో బ్యాటరీల రూల్స్ వచ్చాయి, చూస్తే అవి సీసం యాసిడ్ బ్యాటరీలకి మాత్రమే. దీని వెనక ఒక లెక్క ఉంది. పాత ఇన్వర్టర్ బ్యాటరీ తీసుకెళ్తే షాపువాడు కొత్తదాని ధరలో ఎంతో కొంత తగ్గిస్తాడు, లేదంటే పాత సామాన్లవాడు తూకం వేసుకుని పట్టుకుపోతాడు, సీసానికి రేటుంది మరి (ఆ రేటు కోసమే ఊరి చివర షెడ్లలో సీసం కరిగించి ఆ పొగ పీల్చేవాళ్ళూ ఉన్నారు, రూల్స్ అవసరమైంది అందుకే). గోడ గడియారంలో సెల్లుని మాత్రం ఎవడూ కొనడు. మా చిన్నప్పుడు అయిపోయిన టార్చి సెల్లుని రాయితో పగలగొట్టి లోపలి నల్లపొడిని ఆకు పసరుతో కలిపి పలకకి రుద్దేవాళ్ళం, ఆ చేతులతోనే జామకాయ తినేవాళ్ళం. అది మాంగనీస్, పాత సెల్లుల్లో కాస్త పాదరసం కూడా ఉండేదని మాకెవరు చెప్పారు? ఆ చిన్న సెల్లులు బ్యాటరీల రూల్స్ లోకి రావడానికి 2022 ఆగస్టు దాకా పట్టింది.

పాదరసం అంటే గుర్తొచ్చింది, కొడైకెనాల్. అక్కడ థర్మామీటర్ల ఫ్యాక్టరీ నుంచి పాదరసం అంటిన గాజు ముక్కలు ఊళ్ళో పాత సామాన్ల యార్డులో 2001లో బయటపడ్డాయి, ఫ్యాక్టరీ మూతపడింది, 2003లో సుమారు 290 టన్నుల వ్యర్థాన్ని ఓడెక్కించి అమెరికా పంపారు. అంత గొడవ జరిగాక కూడా, 2009లో బచత్ ల్యాంప్ యోజన అని మామూలు బల్బు ఇచ్చి 15 రూపాయలకి సీఎఫ్ఎల్ బల్బు తీసుకోమన్నారు, కరెంటు ఆదా నిజమే, కానీ ఒక్కో దాంట్లో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. మన విశాఖలో కూడా ఓస్రామ్ అనే బల్బుల కంపెనీ కార్బన్ క్రెడిట్ల (కాలుష్యం తగ్గించినందుకు వచ్చే, అమ్ముకోగలిగే పాయింట్ల) లెక్కన ఇళ్ళకి సీఎఫ్ఎల్‌లు పంచింది. అవి మాడిపోతే ఎక్కడ పడెయ్యాలన్నది ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) రూల్స్ లోకి వచ్చింది 2016లో. అప్పటికే, 2015 జనవరిలోనే, ఉజాలా అనే కేంద్ర పథకం కింద ఎల్ఈడీలు వచ్చేసి సీఎఫ్ఎల్‌లు దిగిపోవడం మొదలైంది! రూల్ వచ్చేసరికి వస్తువే పాతబడిపోయింది.

అదే 2016లో ఘన వ్యర్థాల రూల్స్ మొదటిసారి ఇంటి ప్రమాదకర చెత్త అని ఒక పేరు పెట్టి జాబితా ఇచ్చాయి, పెయింట్ డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, సీఎఫ్ఎల్‌లు, ట్యూబ్‌లైట్లు, గడువు దాటిన మందులు, పగిలిన థర్మామీటర్లు, సెల్లులు, సూదులు. ప్రతి 20 చదరపు కిలోమీటర్లకి ఒక సేకరణ కేంద్రం పెట్టాలని కూడా రాశారు. నాకు అసలు విషయం ఇదే అనిపిస్తుంది, డబ్బా ఇవ్వడం సులువు, ఆ డబ్బాలోది ఎక్కడికి పోవాలో ఆ చోటు కట్టడం కష్టం, మనం సులువైనది ముందు చేశాం.

పైగా క్లాప్ చర్చంతా చెత్త పన్ను చుట్టూ తిరిగింది. పన్ను ఎంత, ఎందుకు కట్టాలి, కట్టకపోతే ఏం చేస్తారు అని పోట్లాటలు, 2024లో ప్రభుత్వం మారాక అది రద్దయింది, ఎర్ర డబ్బా గురించి మాత్రం ఎవరూ కొట్టుకోలేదు. కేరళలో చూడండి, 2025లో కోజికోడ్ నుంచి మొదలుపెట్టి వాడని మందుల్ని వెనక్కి తీసుకునే ఎన్‌ప్రౌడ్ అనే పథకం పెట్టారు, అక్కడ కనీసం మాత్రలు పట్టుకెళ్ళి ఇవ్వడానికి ఒక చోటుంది.

2026 జనవరిలో కేంద్రం మళ్ళీ కొత్త రూల్స్ ఇచ్చింది, ఏప్రిల్ 1 నుంచి తడి, పొడి, శానిటరీ, స్పెషల్ కేర్ అని నాలుగు రకాలు. ఈ నాలుగోది మన ఎర్ర డబ్బాయే, పేరు మారింది. పిన్నికి చెప్తే "అయితే ఇంకో డబ్బా ఇస్తారా, వెల్లుల్లికి లేదు" అంది. ఆవిడ సెల్లులు మాత్రం పారెయ్యదు, మా మాట విని రెండు చివర్లకీ టేపు అంటించి హార్లిక్స్ సీసాలో వేస్తుంది, సీసా బీరువా మీద ఉంటుంది, మొన్న దించి చూస్తే మెడ దాకా నిండింది.