సమ్మిళిత భాష: అపోహలు – వాస్తవాలు

ఉద్యోగ ప్రకటనలు, దరఖాస్తు పత్రాలు, సంస్థల నియమావళులు తెలుగులో సరిదిద్దడం నా వృత్తి. ఎవరినీ కించపరచకుండా, ఎవరినీ లెక్కలోంచి తప్పించకుండా రాయడాన్ని సమ్మిళిత భాష అంటున్నాం. గిట్టనివారు దాన్నే పొలిటికల్ కరెక్ట్‌నెస్ అని కొట్టిపారేస్తారు. ఈ పనిలో నాకు తరచూ ఎదురయ్యే అభిప్రాయాలకు నా సమాధానాలివి.

అపోహ: ఇది పాశ్చాత్య దేశాల నుంచి వచ్చిపడిన కొత్త పోకడ.

వాస్తవం: 1917లో బెజవాడలో పంచమ మహాసభగా తలపెట్టిన సభకు అధ్యక్షత వహించిన దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ, అంటరానివారుగా చూసిన కులాలకు అప్పట్లో వాడిన 'పంచమ' అన్న పేరుకే అభ్యంతరం చెప్పారు, అది ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1922లో మద్రాసు దళిత నాయకుడు ఎం.సి. రాజా ప్రతిపాదించిన తీర్మానం మేరకు మద్రాసు శాసనమండలి, పాత పేర్ల స్థానంలో ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని వాడాలని కోరింది. 1938లో బొంబాయి శాసనసభ ముందుకు వచ్చిన ఒక బిల్లులో 'హరిజన' అన్న మాట ఉన్నందుకు నిరసనగా అంబేడ్కర్, ఆయన పార్టీ సభ్యులు సభ నుంచి వెళ్లిపోయారు. తమను ఏమని పిలవాలో తామే నిర్ణయించుకుంటామన్న పట్టుదల ఈ గడ్డ మీద వందేళ్లకు పైబడినది.

అపోహ: సదుద్దేశంతో పెట్టిన పేరును ఎవరూ తప్పుపట్టకూడదు.

వాస్తవం: 'హరిజన' కూడా సదుద్దేశంతో ప్రచారం చేసిన పేరే. అయినా 1982లో కేంద్ర హోంశాఖ కుల ధ్రువపత్రాల్లో ఆ మాట వాడవద్దని రాష్ట్రాలకు సూచించింది. 2015 చివర్లో ప్రధాని మోదీ సూచించిన 'దివ్యాంగులు' అన్న మాటను కొందరు ఇష్టంగా స్వీకరించారు. వైకల్యంలో దివ్యత్వమేమీ లేదని, తమకు కావలసినవి హక్కులూ సౌకర్యాలేనని వికలాంగ హక్కుల సంఘాలు అనేకం అభ్యంతరపెట్టాయి. పథకం పేరులో ఉన్నప్పుడు ఆ మాటను అలాగే ఉంచుతాను, మనిషి గురించి రాసేటప్పుడు ఆ మనిషినే అడగమంటాను. అంధులు, బధిరులు అన్నవి సూటి మాటలు. వాటిని పలకడానికి మొహమాటపడి 'ప్రత్యేక శక్తులున్నవారు' వంటి మెత్తని పదబంధాలు కట్టడం నాకు సమ్మతం కాదు.

అపోహ: ఈ జాగ్రత్తలన్నీ పాటిస్తే తెలుగు వాక్యం చెడిపోతుంది.

వాస్తవం: 'అతడు/ఆమె', 'చేశాడు/చేసింది' అంటూ గీతలు పెట్టుకుంటూ పోతే తప్పక చెడిపోతుంది. తెలుగుకు ఆ అవస్థ అక్కర్లేదు. 'వారు' అన్న మాటలో స్త్రీపురుష భేదం లేదు. 'చేయాలి', 'చేయవచ్చు', 'చేస్తే', 'చేయకూడదు' అన్న రూపాల్లో క్రియ కర్త ఆడో మగో చెప్పనే చెప్పదు. ఒక సంస్థ సెలవుల నిబంధన నా దగ్గరికి ఇలా వచ్చింది: 'ఉద్యోగి ముందుగా అధికారికి తెలియజేసినవాడైతేనే సెలవుకు అర్హుడగును, అతని భార్య అనారోగ్యం పాలైనచో ఈ నిబంధన వర్తించదు.' దీన్ని ఉన్నదున్నట్టు చదివితే, భర్త జబ్బుపడిన ఉద్యోగినికి మినహాయింపే లేదు. 'ఉద్యోగులు ముందుగా అధికారికి తెలియజేస్తేనే సెలవు మంజూరవుతుంది. జీవిత భాగస్వామి అనారోగ్యం పాలైతే ఈ నిబంధన వర్తించదు' అని మార్చాను. వాక్యం తేలికపడింది, నిబంధనలోని లోపమూ తొలగింది.

అసలు తెలుగులో ఎక్కువగా పట్టించుకోవలసిన పక్షపాతం క్రియాపదం చివర దాక్కుంటుంది. ఒకే సమావేశం నివేదికలో మేనేజరు 'వివరించారు', పారిశుద్ధ్య కార్మికుడు 'చెప్పాడు', అటెండరుగా పనిచేసే మహిళ 'అడిగింది' అని రాస్తారు. రాసినవారిలో దురుద్దేశం ఉండకపోవచ్చు. హోదాను బట్టి గౌరవం కొలిచే అలవాటు చేతిలో ఇంకిపోయి ఉంటుంది. ముగ్గురికీ 'రు' పెట్టడానికి ఒక్క అక్షరం చాలు. నా మటుకు నేను ఎంత కొత్త పారిభాషిక పదం కన్నా ఈ దిద్దుబాటునే ముఖ్యమనుకుంటాను.

అపోహ: ఇది నోరు నొక్కడమే.

వాస్తవం: ఏ విధానాన్నైనా తీవ్రంగా వ్యతిరేకించవచ్చు, అందుకు ఎవరి కులాన్నో అంగవైకల్యాన్నో తిట్టుగా వాడనక్కర్లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కూడా నలుగురి ఎదుట ఉద్దేశపూర్వకంగా అవమానించడాన్నే శిక్షిస్తుంది, నోరు జారడాన్ని కాదు. అయితే ఈ ఆరోపణలో కొంత నిజముంది. సహోద్యోగి పాత మాట వాడగానే అందరి ముందూ నిలదీసి దోషిని చేయడం నేను చూశాను, అది తప్పు. పక్కకు పిలిచి, కారణం చెప్పి, బదులు మాట అందిస్తే చాలామంది మార్చుకుంటారు. కథల్లో పాత్రల సంభాషణను మాత్రం ముట్టుకోకూడదు.

అపోహ: మాట మారితే బతుకు మారదు.

వాస్తవం: మెట్లు తప్ప ర్యాంపు లేని భవనానికి ఎంత గౌరవప్రదమైన బోర్డు పెట్టినా చక్రాల కుర్చీ లోపలికి రాదు. కానీ దరఖాస్తులోని మాటలు నేరుగా పని చేస్తాయి. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే పేర్కొంది. 2016 చట్టం వాటిని 21కి పెంచింది, పేరు చేరినవారికి ధ్రువపత్రం పొందే దారి ఏర్పడింది. 'తండ్రి/భర్త పేరు' అన్న గడి, తల్లి ఒక్కరే పెంచిన అభ్యర్థిని ఆపేస్తుంది; పాస్‌పోర్టు దరఖాస్తుకు తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు చాలని 2016 డిసెంబరులోనే ప్రకటించారు. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును ఆమోదించాక కూడా స్త్రీ, పురుషుడు అని రెండే గడులున్న పత్రాలు నా బల్ల మీదికి వస్తూనే ఉన్నాయి. ఆ వివరం పనికి అవసరమైతే మూడో గడి చేర్చమని, అవసరం లేకపోతే ఆ ప్రశ్నే తీసేయమని అంచున రాసి తిప్పి పంపుతున్నాను.