ఆర్మీ వెంటనే ఎందుకు ఖండించదు?

ఒంగోలు

పిల్లకాయలూ,

ఫోన్లలో అబద్ధం ఊరంతా తిరుగుతుంటే ఆర్మీ వెంటనే ఎందుకు నోరు విప్పదని అడిగారు. విప్పితే ఒక్కోసారి గుట్టు బయటపడుద్ది, అందుకని. మీ రాడార్ కూల్చామని శత్రువు అంటాడు. కూలలేదని మనం ఫోటో పెడితే, అదెక్కడుందో, వాడి గురి ఎంతలో తప్పిందో మనమే చెప్పినట్టు. ఆ జవాబు రాబట్టడానికే అబద్ధం వదిలేవాళ్లూ ఉంటారు.

2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ అప్పుడు, పంజాబ్‌లోని ఆదంపూర్ వైమానిక స్థావరంలో ఎస్-400ను, అంటే వచ్చే క్షిపణుల్ని, విమానాల్ని గాల్లోనే కూల్చే మన రక్షణ వ్యవస్థను, ధ్వంసం చేశామని పాకిస్తాన్ చెప్పుకుంది. 10వ తేదీ బ్రీఫింగ్‌లో మనవాళ్లు అది అబద్ధమని కొట్టిపారేశారు. సిర్సా, సూరత్‌గఢ్ వైమానిక స్థావరాలు దెబ్బతినలేదని మాత్రం టైముతో సహా ఫోటోలు చూపించారు. ఎస్-400 లాంచర్ కళ్లకు కనపడింది కాల్పులు ఆగాక, 13న ప్రధాని ఆదంపూర్ వెళ్లినప్పుడు, ఆయన వెనకాల.

అబద్ధాలు అవతలి నుంచే వస్తాయనుకోమాకండి. 8వ తేదీ రాత్రి మన టీవీ ఛానెళ్లే కొన్ని కరాచీ ఓడరేవును నేవీ కొట్టేసిందని ఊదరగొట్టాయి. కొట్టలేదు. నాకైతే ఇదే ఎక్కువ చేటు అనిపిస్తది. రేపు ఆర్మీ నిజం చెప్పినా బయటోళ్లు నమ్మరు.

ఇక మీ పని. కృష్ణపట్నం పోర్టు తగలబడుతోందని ఒక వీడియో వచ్చిందనుకోండి. 2020 నాటి బీరూట్ పేలుడును మన మీద క్షిపణి దాడిగా తిప్పినట్టే ఇదీ కావచ్చు. వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తియ్యండి. మంట నిండా ఉన్న చోట కాదు, ఏ మంటైనా ఒకేలా ఉంటది, ఫోటో ఇస్తే అలాంటివి వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌కి అంతుపట్టదు. క్రేన్లు, భవనాలు కనపడే చోట తీసి, పైన అంటించిన అక్షరాలు కత్తిరించి వెతకండి. బోర్డుల మీద రాత తిరగబడి ఉంటే ఎవరో అద్దంలో బొమ్మలా తిప్పేశారు. మళ్లీ తిప్పి వెతకాలి. మసక చీకటి, తెగ ఊగే కెమెరా, ఒక్క మనిషీ కనపడకపోవడం, ఇవన్నీ కలిస్తే ఆర్మా 3 లాంటి వీడియో గేమ్ అయ్యుండొచ్చు.

నిజం వీడియోకి తప్పు తేదీ తగిలించడం ఇంకా తేలిక. కొరిశపాడు దగ్గర హైవే రన్‌వే మీద 2022 డిసెంబరు 29న వాయుసేన ట్రయల్ రన్ చేసింది. ఆ వీడియోకి "ఇప్పుడే" అని తగిలిస్తే చాలు, మేదరమెట్ల దాకా గగ్గోలే.

హైవే మీద ఆర్మీ లారీలు పోతుంటే మాత్రం వీడియో తియ్యొద్దు. అది నిజమే, అందుకే ప్రమాదం.

అనుమానమొస్తే కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ వాళ్ల ఫ్యాక్ట్ చెక్ వాట్సాప్ 8799711259కి పంపండి. వీడియో ఒక్కటే కాదు, దాని కింద రాసొచ్చిన మాటలు కూడా. చాలాసార్లు అబద్ధం ఉండేది అందులోనే.

మీ తాతయ్య