మోకాలు మడవడమే కాదు, తిరుగుతుంది కూడా

గుత్తి కోట ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదట. దిగేటప్పుడు మాత్రం మోకాలు లోపలికి వాలి నొప్పి పుడుతోందట. "తొడలకు బలం వచ్చే ఎక్సర్‌సైజులు చేస్తే సరిపోతుందా సార్?" అని అనంతపురం నుంచి ఒకావిడ అడిగారు.

మోకాలు మడతబందు కీలు అని బళ్లో బట్టీ పట్టించి వదిలేశారు. అది సగం నిజం. కుర్చీలో కూర్చుని మోకాలి వెనక రెండు పక్కలా ఉండే గట్టి తాళ్లను పట్టుకోండి. అవి కండరాల కొసలు. మడమ కదలకుండా కాలివేళ్లను బయటికి తిప్పితే బయటి తాడు, లోపలికి తిప్పితే లోపలివి బిగుస్తాయి. తిరుగుతున్నది మోకాలి కింది ఎముకే. కాలు తిన్నగా చాపి ఇదే చేస్తే మాత్రం తిరిగేది తుంటి దగ్గర.

చాపగానే మోకాలు ఎందుకు మొరాయిస్తుంది? ఎద్దులబండిని తలచుకోండి. తొడ ఎముక కింది కొసన ఉన్న రెండు గుండ్రటి బొడిపెలే చక్రాలు. లోపలి చక్రానికి దారి కాస్త పొడవు. కాలు చాపడంలో చివరి 20–30 డిగ్రీలు ఉందనగా బయటి చక్రం ఆగుతుంది, లోపలిది ఇంకా కదులుతుంటుంది. ఇంకేముంది, బండి తిరుగుతుంది! పాదం నేల మీద ఉంటే తొడ ఎముక సుమారు 10 డిగ్రీలు లోపలికి తిరిగి, ఎముకలను కలిపి పట్టే లిగమెంట్లు బిగిసి, కీలు గట్టిపడుతుంది. రేషన్ క్యూలో ఎంతసేపు నిలబడ్డా తొడ కండరాలు అంతగా అలసిపోనిది అందుకే. మళ్లీ వంగాలంటే మోకాలి వెనకున్న పోప్లిటియస్ అనే చిన్న కండరం ఆ ఎముకను బయటికి తిప్పి బిగువు సడలించాలి. మీరు ఇందాక పట్టుకున్న తాళ్లు ఈ బండికి పగ్గాలు. మోకాలు వంగి ఉంటేనే వాటి మాట చెల్లుతుంది.

చక్రాల దారి ఎముక ఆకారంలోనే ఉంది. దాన్ని ఏ కసరత్తూ మార్చదు, తిరునాళ్లలో అమ్మే అయస్కాంతపు పట్టీ అసలే మార్చదు. మరి మెట్లు దిగేటప్పుడు? ఒంటి బరువంతా వంగుతున్న ఒక్క మోకాలి మీద పడుతుంది, ఆ బిగువు ఉండదు. అప్పుడు తొడ లోపలికి దొర్లకుండా పట్టాల్సినవి తుంటి కండరాలు, ముఖ్యంగా పక్కనుండే గ్లూటియస్ మీడియస్. మనవాళ్లేమో చూడకుండానే "గుజ్జు అరిగిపోయింది" అనేస్తారు.

పక్కకు పడుకుని కాలు పైకెత్తితే ఆ కండరానికి బలం వస్తుంది. బలం ఒక్కటే చాలదు. అమెరికాలో 2011లో వచ్చిన ఒక పరిశోధనలో కొందరు మహిళలకు 6 వారాలు తుంటి కసరత్తులతో పాటు ఒంటికాలి గుంజీ సరిగ్గా తీయడం నేర్పారు. బలం పెరిగింది, గుంజీ చక్కబడింది. పరుగు తీరు మాత్రం అలాగే ఉంది! శరీరం ఏ పని సాధన చేస్తే దాన్నే నేర్చుకుంటుంది.

కాబట్టి అమ్మా, మీరు సాధన చెయ్యాల్సింది దిగడమే. అద్దం ముందు జానెడు కన్నా తక్కువ ఎత్తు పీట మీద నిలబడి, గోడ పట్టుకుని, ఒక మడమ మెల్లగా నేలకు దించండి. పీట మీదున్న కాలి మోకాలు రెండో వేలికి సూటిగా ఉండాలి. మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయినా ఇవన్నీ ఆపి ముందు డాక్టరుకు చూపించండి.